బడికి పోతే ఫోను ఎవరు ఎత్తాలి: ఒక గల్ఫ్ కుటుంబంలో పిల్లాడి కడుపునొప్పి కేసు

ఇది ఉత్తర తెలంగాణలో ఒక ఊళ్లో జరిగిన కేసు. తల్లి ఒప్పుకున్నాక, రాసింది ఆమెకు చదివి వినిపించాకే ఇక్కడ పెడుతున్నాను. ఊరు, సంవత్సరం, తండ్రి ఉన్న దేశం వదిలేశాను, ఇంట్లో కొన్ని వివరాలు మార్చాను. పిల్లాడిని బాబు అనే అంటాను. నేను పిల్లలతో పనిచేసే కౌన్సెలర్‌ని, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున బడులకు, అంగన్‌వాడీలకు, మహిళా సంఘాల మీటింగులకు తిరుగుతుంటాను. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, బాబుకు ఏమైంది అని వెతికినన్నాళ్లూ మాకు దారి దొరకలేదు. ఆ ఇంట్లో ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారు అని అడగడం మొదలుపెట్టాకే దొరికింది. పిల్లల మానసిక ఆరోగ్యం మీద పల్లెల్లో పనిచేసేవాళ్లకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ఇంటి సంగతి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ వైపు పల్లెలు తెలిసినవాళ్లకు ఈ ఇల్లు ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఇంట్లో. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, ఆకు బాగాలేకపోతే ఆ నష్టమూ చుట్టేవాళ్లదే, కాబట్టి పనికి కూర్చున్న మనిషి మధ్యలో లేవాలంటే పదిసార్లు ఆలోచిస్తుంది. ఈ సంగతి తర్వాత మా కార్యక్రమాన్నే మార్చేసింది కాబట్టి ముందే చెప్తున్నాను.

ఇంట్లో ఐదుగురు: తల్లి, తాత, నాయనమ్మ, తొమ్మిదో తరగతి చదివే అక్క, ఐదో తరగతి బాబు. తండ్రి గల్ఫ్‌కు పోయి ఐదేళ్లు దాటింది, మధ్యలో ఒక్కసారి వచ్చి వెళ్లాడు. వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు మూడు రూపాయల మిత్తికి తెచ్చింది. మాకు మొదట చెప్పింది ఇంతే. "ఆయన మంచిగనే ఉన్నడు మేడం, పైసలే జర లేటుగ పంపుతున్నడు" అని తల్లి అంది. తాత అయితే అది కూడా చెప్పలేదు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఆశా కార్యకర్త మమ్మల్ని కలిపింది. బాబు నాలుగైదు నెలలుగా బడికి సరిగ్గా పోవడం లేదు. పొద్దున లేవగానే కడుపునొప్పి, బొడ్డు చుట్టూ పట్టుకుని ముడుచుకుని పడుకుంటాడు, ఒక్కోసారి వాంతి. పదకొండు గంటలయ్యేసరికి తగ్గిపోతుంది, అన్నం తింటాడు, కానీ ఆడుకోవడానికి బయటికి పోడు. ఆదివారాలు నొప్పి తక్కువ. రాత్రి నిద్ర పట్టదు, రెండుసార్లు పక్క తడిపాడు, అది అంతకుముందు ఎప్పుడో మూడేళ్ల వయసులో ఆగిపోయింది.

ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు వేశాడు, గ్యాస్ మందు ఇచ్చాడు. పీహెచ్‌సీలో నులిపురుగుల గోళీ వేశారు. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. ఆ తాయెత్తు గురించి మేం ఏమీ అనలేదు. నాయనమ్మ దాన్ని ప్రేమతో కట్టింది, తీసేయమంటే ఆ ఇంట్లో మాకు మొదటి శత్రువు ఆమే అయ్యేది, పైగా దానివల్ల పిల్లాడికి వచ్చే నష్టం ఏమీ లేదు.

మేం చేసిన మొదటి పని జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించడం. ఇది మనసుకు సంబంధించిందే అని ఎంత అనిపించినా శరీరం వైపు ఒకసారి పూర్తిగా చూడకుండా ముందుకు పోకూడదు. బరువు తగ్గుతున్నాడా, మలంలో రక్తం పడుతుందా, జ్వరం వస్తుందా, నొప్పి నిద్రలోంచి లేపుతుందా, నొప్పి బొడ్డుకు దూరంగా ఒకే చోట ఉంటుందా, ఇవన్నీ డాక్టరు అడిగారు. ఏదీ లేదు. రక్త పరీక్ష, స్కానింగు మామూలుగానే ఉన్నాయి. ఇలాంటి నొప్పి అరుదేమీ కాదు. 1958లో ఇంగ్లండ్‌లో ఆప్లీ, నైష్ అనే డాక్టర్లు 1000 మంది బడిపిల్లలను చూసి, దాదాపు పది మందిలో ఒకరికి మళ్లీ మళ్లీ వచ్చే కడుపునొప్పి ఉందని రాశారు, అందులో ఎక్కువమందికి శరీరంలో జబ్బేమీ దొరకలేదు.

రిపోర్టులు చూసి తాత "అయితే నాటకం ఆడుతున్నడన్నట్టు" అన్నాడు. ఆ మాట అక్కడే ఆపడం చాలా అవసరం అనిపించింది. రిపోర్టులో ఏమీ లేకపోతే నొప్పి లేదని కాదు, నొప్పి నిజమే, దానికి కారణం పేగులో పుండు కాదు, అంతే అని డాక్టరు చేతనే చెప్పించాను. నేను చెప్తే కౌన్సెలింగ్ మేడం చెప్పిన మాట అవుతుంది, తెల్లకోటు వేసుకున్న మనిషి చెప్తే ఆ ఇంట్లో విలువ వేరు. పిల్లాడు పక్కనే నిలబడి విన్నాడు. తనని అబద్ధాలకోరు అనలేదని వాడికి తెలియడం ముఖ్యం, లేకపోతే తర్వాత మాతో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలబడలేదు

బడికి పోనని మొరాయించే పిల్లల విషయంలో మామూలుగా చేసేదే చేశాం. బడికి పోకుండా ఇంట్లో ఉంటే ఆ పూటకు టెన్షన్ తగ్గుతుంది, తగ్గిందన్న హాయి వల్ల మర్నాడు ఇంకా కష్టమవుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా బడిలో ఉండే సమయం పెంచాలి. మొదట మధ్యాహ్న భోజనం వేళకు రావడం, తర్వాత చివరి రెండు పీరియడ్లు, ఆ తర్వాత పూర్తి పూట. క్లాసు టీచరు మంచి మనిషి, వచ్చిన రోజు అందరి ముందూ హడావుడి చేయకుండా మామూలుగా పలకరించారు. వారానికి ఒకసారి నేను బడిలో కలిసి నొప్పి వచ్చినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలి, కడుపు కండరాలు ఎలా వదులు చేయాలి అని నేర్పాను.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక సోమవారం వచ్చినవాడు గంటలోనే ఇంటికి పరుగెత్తాడు, ఇక రాలేదు. పిల్లల్ని అడిగితే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, హెడ్మాస్టరు గదిలో నాతో మాట్లాడటం చూసి "పిచ్చి మేడం కాడికి పోతడు" అని పేరు పెట్టారు. రెండోది చిన్నదిగా కనిపించినా చివరికి అదే అసలుది. బడికి వచ్చిన ప్రతి రోజూ బాబు హెడ్మాస్టరు ఫోను అడిగి ఇంటికి చేసేవాడట. తల్లి ఎత్తితే ఏమీ మాట్లాడకుండా పెట్టేసేవాడట.

ఇదే సమయంలో తల్లిదండ్రుల కోసం పంచాయతీ ఆఫీసులో ఒక మీటింగు పెట్టాం. పిల్లల మనసు, పెద్దల బాధ్యత అని అంశం. గల్ఫ్ ఇళ్లు ఆ ఊళ్లో చాలానే ఉన్నాయి, వచ్చిన తల్లులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఉదయం పదకొండింటికి పెడితే బీడీ పని ఆగుతుంది, అది మొదటి కారణం. అంతకంటే పెద్దది, అక్కడ కూర్చున్నవాళ్లలో అప్పు ఇచ్చినవాళ్లు కూడా ఉంటారు. మా ఆయనకు జీతం రావట్లేదు అని అక్కడ నోరు తెరిచి ఎవరు చెప్తారు? అలాంటి మీటింగుల్లో నిజం బయటికి రాదు. "అంతా మంచిగనే ఉన్నది" అనే మాటే వస్తుంది.

అక్క నోట్‌బుక్కు

ఎస్‌డీక్యూ అని 25 ప్రశ్నల ఫారం ఒకటి ఉంది, పిల్లల భావోద్వేగాలు, ప్రవర్తన అంచనా వేయడానికి వాడతాం. టీచరు నింపినదాంట్లో బాబుకు ఏ సమస్యా లేదు, నెమ్మదైన పిల్లాడు అని ఉంది. తల్లి నింపినదాంట్లో భయం, దిగులు, శరీర నొప్పులకు సంబంధించిన ప్రశ్నలన్నిటికీ అవుననే ఉంది. ఒకే పిల్లాడు బడిలో ఒకలా, ఇంట్లో ఒకలా. ఈ తేడా చూసినప్పుడు నాకు అనిపించింది, బడిలో వాడిని భయపెట్టేది ఏదీ లేదు, ఇల్లు వదిలి రావడమే భయం. అలాగైతే ఇంట్లో ఏం జరిగినప్పుడు ఎక్కువవుతుందో తెలియాలి.

తల్లిని డైరీ రాయమంటే రాయలేదు, తీరిక ఎక్కడిది. అక్క రాస్తానంది. పాత లెక్కల నోట్‌బుక్కు వెనక పేజీల్లో గీతలు గీసి, పొద్దున నొప్పి ఉందా లేదా, బడికి పోయాడా, రాత్రి బాపు (నాన్న) ఫోను చేశాడా అని మూడు గడులు పెట్టాం. ఆ అమ్మాయి మేం చెప్పకుండానే నాలుగో గడి తనే గీసుకుంది. అందులో కొన్ని రోజుల్లో "అమ్మ బయటికి పోయి మాట్లాడింది" అని చిన్న అక్షరాలతో రాసి ఉంది.

ఆ నోట్‌బుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మా టీమంతా చాలాసేపు మాట్లాడకుండా చూశాం. ఫోను రాని రాత్రి తర్వాత పొద్దున నొప్పి ఎక్కువ, అది అనుకున్నదే. అందరికంటే ఎక్కువ నొప్పి ఏ రోజుల్లో అంటే, ఫోను వచ్చి, తల్లి దాన్ని పట్టుకుని వాకిట్లోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడిన రాత్రుల తర్వాత.

తర్వాత కలిసినప్పుడు బాబును నొప్పి గురించి అడగలేదు. బాపు ఉండే గది గీయమన్నాను. ఒకదాని మీద ఒకటి మంచాలు గీశాడు, ఒక మూల స్టవ్, గోడకు వేలాడే బట్టలు. వీడియో కాల్లో చూసిందంతా ఉంది. తర్వాత తలుపు బయట ఒక జీపు గీశాడు. మంచం కింద ఒక మనిషిని గీశాడు. ఈ మనిషి ఎవరు అంటే "బాపు" అన్నాడు. కొంచెం ఆగి, "పోలీసులొస్తే గిట్ల పంటడు. ఖల్లివెల్లి అయిండు గదా" అన్నాడు.

గల్ఫ్ ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలిసిన మాట అది. జీతం ఇవ్వని కంపెనీని, కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని వదిలేసి, అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు గడువు దాటిపోయి, కాగితాలు లేకుండా బయట పని చేసుకుంటూ బతికేవాళ్లని అలా అంటారు. ఆ ఇంట్లో పెద్దలు దాన్ని పిల్లల దగ్గర, ఊరి దగ్గర, మా దగ్గర ఏడాదిగా దాస్తున్నారు. బాబు ఏడాదిగా దుప్పటి కప్పుకుని వింటున్నాడు. దానికి తోడు అంతకుముందు పక్క వాడలో ఒకాయన శవపేటికలో తిరిగొచ్చాడు, పిల్లలంతా అంబులెన్సు వెనక పరుగెత్తారు.

బడికి ఎందుకు పోవో చెప్తావా అని అప్పుడు అడిగాను. "నేను బడికి పోతే ఫోనొస్తే ఎవరెత్తాలె? తాతకు ఇనపడదు. అమ్మ ఏడుస్తది."

పదేళ్ల పిల్లాడు ఇంటికి కాపలా కాస్తున్నాడు. ఊపిరి తీసుకునే వ్యాయామాలు, బడి సమయం పెంచడం, ఇవి తప్పు కాదు, తర్వాత అవే మళ్లీ వాడాం. కానీ కాపలా వాడి చేతిలో ఉన్నంతవరకు వాడిని బడికి పొమ్మనడం అంటే తల్లిని ఒంటరిగా వదిలేయమనడమే, కనీసం వాడికి అలాగే వినిపించింది.

చెప్పాలా వద్దా

ఇక్కడ నిర్ణయం తేలిక కాదు. పిల్లాడు నమ్మి చెప్పిన మాట. నేరుగా తల్లికి చెప్పేస్తే ఆ నమ్మకం పోతుంది, చెప్పకపోతే ఏమీ కదలదు. నీకు ఎవరైనా హాని చేస్తారని తెలిస్తే తప్ప నువ్వు చెప్పినవి నిన్ను అడక్కుండా చెప్పను అని మొదటి రోజే వాడికి మాట ఇచ్చాను. అందుకే వాడినే అడిగాను: నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా, ఇద్దరం కలిసి చెప్దామా? వాడు ఇంకో దారి చెప్పాడు, అక్క చెప్తుంది అన్నాడు. అక్కకూ మొత్తం తెలుసు. ఇద్దరూ ఒకే గదిలో పడుకుని ఏడాదిపాటు ఒకరితో ఒకరు దాని గురించి మాట్లాడుకోలేదు.

అక్క చెప్పింది. తల్లి ఆ రోజు చాలా ఏడ్చింది, పిల్లలకు తెలియకూడదనే కదా ఇన్ని రాత్రులు వాకిట్లో నిలబడ్డది. తాతకు మాత్రం కోపం వచ్చింది. ఆయన వాదన కొట్టిపారేసేది కాదు. సంగతి బయటపడితే అప్పులవాళ్లు ఇంటి మీద పడతారు, రేపు మనవరాలి పెళ్లి మాట వచ్చినప్పుడు నలుగురూ అంటారు, పిల్లలు బడిలో నోరు జారితే ఎట్లా. ఆయన భయాన్ని ఆయన భయంగానే తీసుకున్నాం, దాని మీద ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక్క ప్రశ్న అడిగాం: పిల్లలకు తెలియదు అనుకుని దాచడం వేరు, తెలిసిపోయాక కూడా మాట్లాడకపోవడం వేరు, ఇప్పుడు మన ఇంట్లో ఏది జరుగుతోంది? ఆయన ఆ రోజు జవాబు చెప్పలేదు. తర్వాతిసారి వెళ్లినప్పుడు, "చెప్పున్రి, కని ఆడు చెప్పాలె, నా కొడుకు చెప్పాలె" అన్నాడు. మా ప్లానులో లేని మంచి సలహా అది, అలాగే చేశాం.

తండ్రితో ముందు నేను ఇమో అనే వీడియో కాల్ యాప్‌లో మాట్లాడాను. ఆయన అడిగిన మొదటి మాట, నా కొడుకు నన్ను దొంగ అనుకుంటున్నడా అని. ఏం చెప్పాలో ఇద్దరం కలిసి అనుకున్నాం. పదేళ్లవాడికి ఎంత కావాలో అంత, అందులో అబద్ధం ఉండకూడదు, వాడు చేయాల్సింది ఏమీ లేదని వాడికి తెలియాలి. చివరికి ఆయన తన మాటల్లోనే చెప్పాడు: కాగితాల ఇబ్బంది ఉంది, పని దొరుకుతోంది, ముగ్గురు మన జిల్లావాళ్లతో కలిసి ఉంటున్నా, మంచం కింద దాక్కోవట్లేదు, పోలీసులు పట్టుకుంటే కొన్ని రోజులు అక్కడ ఉంచి ఇంటికి పంపుతారు, దాన్ని బాగుచేసే పని పెద్దవాళ్లం చూసుకుంటాం. ఏదైనా అయితే నీకు కూడా చెప్తాం, దాచం.

ఇందులో "పోలీసులు పట్టుకుంటే" అన్న భాగం ఉంచాలా తీసేయాలా అని చాలా ఆలోచించాం. ఉంచాం. వాడి బొమ్మలో జీపు ముందే ఉంది, మనం దాని పేరెత్తకపోతే వాడికి మిగిలేది వాడి ఊహ ఒక్కటే, అందులో బాపు చివరికి డబ్బాలో వస్తాడు.

ఫోనును సరిచేయడం

తర్వాత పని చాలా మామూలుగా కనిపిస్తుంది, ఫలితం మాత్రం ఇక్కడే ఎక్కువ కనిపించింది. గల్ఫ్ దేశాల గడియారం మనకంటే గంటన్నర నుంచి రెండున్నర గంటలు వెనక ఉంటుంది, ఆయన పని ముగించి స్నానం చేసి ఫోను చేసేసరికి ఇక్కడ పదీ పదిన్నర. పిల్లలు నిద్రకు పోవాల్సిన వేళ అది. శుక్రవారం ఆయనకు సెలవు కాబట్టి ఆ సాయంత్రం పిల్లల ఫోను అని పెట్టుకున్నాం. మిగతా రోజుల్లో కుదిరినప్పుడు ఒక చిన్న వాయిస్ మెసేజ్, పొద్దున బడికి పోయే ముందు వినేలా. ఏదైనా రోజు రాకపోతే రీచార్జి అయిపోయిందనో, పని దూరంలో పడిందనో అర్థం, ఏదో అయిందని కాదు, ఇది ఆయనే చెప్పాడు. డబ్బుల మాటలు, అప్పుల మాటలు భార్యాభర్తలు పిల్లలు బడిలో ఉన్నప్పుడు మాట్లాడుకోవాలి, రాత్రి వాకిట్లో వద్దు. ఆయన మధ్యాహ్నం అన్నం బ్రేకులో దొరికేవాడు, ఆ వేళ సరిపోయింది.

శుక్రవారం కాల్లో బాబుకు వాడి పది నిమిషాలు వాడికే. మొదట్లో ఆయన "మంచిగ చదువుకో, అమ్మ మాట ఇను" అనేవాడు, వాడు ఆఁ ఆఁ అనేవాడు, ఒక నిమిషంలో అయిపోయేది. దూరంగా ఉన్న తండ్రులు చాలామందికి పిల్లలతో ఏం మాట్లాడాలో తెలియదు, పెంచే అవకాశం లేదు కాబట్టి నీతి చెప్పడమే తండ్రి పని అనుకుంటారు. వంట గురించి మాట్లాడమన్నాను. ఆయన ఆ గదిలో వంతు వచ్చినప్పుడు పచ్చిపులుసు చేసేవాడు. కెమెరా స్టవ్ మీదికి తిప్పి ఉల్లిగడ్డ కోస్తూ చూపించాడు. తర్వాతి వారం బాబు ఇక్కడ నాయనమ్మ పక్కన కూర్చుని చేశాడు, చింతపండు ఎక్కువైందని బాపుకు చెప్పాడు. అప్పటి నుంచి పది నిమిషాలు చాలేవి కావు.

బడి వైపు కూడా ఒక ఏర్పాటు. ముఖ్యమైన ఫోను ఏదైనా వస్తే తల్లి హెడ్మాస్టరుకు చెప్తుంది, ఆయన అదే రోజు బాబును పిలిచి చెప్తారు. ఈ మాట హెడ్మాస్టరు వాడి ఎదురుగా కూర్చుని ఇచ్చారు. మధ్యాహ్నం ఒకసారి ఇంటికి ఫోను చేసుకోవచ్చు అన్నారు. కొన్నాళ్లకు వాడే అడగడం మానేశాడు.

తల్లి సంగతి

ఇక్కడిదాకా పిల్లాడి గురించే రాశాను, కానీ తల్లి నిలబడకపోతే ఇవేవీ నిలబడేవి కావు. ఆమెకు నెలలుగా నిద్ర లేదు, తిండి లేదు, చేతులు బీడీలు చుడుతుంటే మనసు ఎక్కడో. చనిపోవాలని అనిపిస్తుందా అని సూటిగా అడిగాను. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, అలా కాదు, అడిగితే మనిషికి ఊరట. అప్పుడప్పుడు అనిపిస్తుందని, ఏం చేసుకోవాలని మాత్రం అనుకోలేదని చెప్పింది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి ఆశా కార్యకర్త తోడుగా వెళ్లింది, మందులు మొదలుపెట్టారు. రాత్రివేళ కష్టమైతే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు చేయమని నంబరు ఫోనులో పెట్టాం, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. అక్కకు కూడా అది ఏమిటో చెప్పాం, కానీ అమ్మను చూసుకునే బాధ్యత నీది అని చెప్పలేదు. బాబు దింపిన బరువును అక్క ఎత్తుకోకూడదు. ఆ బాధ్యతకు మేనత్త పేరు పెట్టాం, పక్క ఊళ్లో ఉంటుంది, రెండు రోజులకోసారి రావడం మొదలుపెట్టింది.

తండ్రి కాగితాల విషయం మా పని కాదు, కానీ అది కదలకపోతే ఇంట్లో ఊపిరి ఆడదు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ 2015 నుంచి నడుస్తోంది, అందులో ఫిర్యాదు ఎలా పెట్టాలో మండలంలో గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసే ఒకాయన కూర్చుని చూపించాడు. ఎంబసీ నుంచి అవుట్‌పాస్, అంటే ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే ప్రయాణ కాగితం తీసుకోవచ్చు, అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే జరిమానా లేకుండా రావచ్చు, ఈ దారులు ఉన్నాయని తెలియడమే తాతకు పెద్ద ధైర్యం అయింది.

బీడీల అరుగు, పిల్లల గుంపు

పంచాయతీ మీటింగు వదిలేశాం. మధ్యాహ్నం పూట ఐదారుగురు ఆడవాళ్లు ఎవరో ఒకరి అరుగు మీద చాటలు పెట్టుకుని కూర్చుంటారు, మేం అక్కడికే పోయాం. చేతులు పనిలో ఉంటాయి, ఎవరూ ఎవరి ముఖం చూడనక్కర్లేదు, ఎవరి పక్కన కూర్చోవాలో వాళ్లే ఎంచుకున్నవాళ్లు. మాట దానంతటదే వస్తుంది. బాబు సంగతి మేం ఎప్పుడూ ఎత్తలేదు. పిల్లలు రాత్రి ఏం వింటారు అని మాత్రం అడిగాం. ఒకామె కత్తెర ఆపకుండానే, "మా పిల్ల ఇమో చప్పుడైతే బాత్రూంలకు పోయి తలుపేస్కుంటది" అంది. ఇంకొకామె మా ఇంట్లో కూడా అంది. ఆ తర్వాత చాలాసేపు మేం మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. శుక్రవారం ఫోను పద్ధతి ఆ అరుగు మీద నుంచే వేరే ఇళ్లకు పోయింది.

పిల్లల కోసం సాయంత్రం బడి ఆవరణలో ఒక గుంపు మొదలుపెట్టాం. గల్ఫ్ పిల్లల గుంపు అని పేరు పెడితే పిచ్చి మేడం కథే మళ్లీ వస్తుంది, అందుకే అందరినీ రమ్మన్నాం. నడిపింది నేను కాదు, ఊళ్లోనే డిగ్రీ చదివే ఒక అమ్మాయి. ఆమెకు ఆటలు ఎలా మొదలుపెట్టాలి, పిల్లాడు ఏడిస్తే ఏం చేయాలి, ఏ మాట వింటే వెంటనే నాకు గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ చెప్పాలి, ఇవి నేర్పించాం. చిర్రగోనె, ఖోఖో, కథలు, బొమ్మలు, చివర్లో గుండ్రంగా కూర్చుని ఆ రోజు ఒక మంచి సంగతి, ఒక కష్టం చెప్పుకోవడం. చెప్పాలని లేకపోతే పాస్ అనొచ్చు. బాబు చాలా వారాలు పాస్ అన్నాడు. ఒకరోజు ఆరో తరగతి అమ్మాయి, మా బాపు పండక్కి రానన్నడు, ఆయన కూడా ఖల్లివెల్లే అని చెప్పింది. బాబు తల ఎత్తి ఆమెను చూసిన చూపు గురించి ఆ డిగ్రీ అమ్మాయి నాకు ఫోను చేసి మరీ చెప్పింది. వాడు ఆ రోజు కూడా పాస్ అన్నాడు, కానీ ఇంటికి పోయేటప్పుడు ఆ పిల్లతో కలిసి నడిచాడు. నేను గదిలో ఎంత చెప్పినా, నీలాంటివాళ్లు ఇంకా ఉన్నారు అన్న సంగతి ఇలా తెలియడం వేరు.

ఎంతవరకు వచ్చింది

బడికి పోవడం రెండు నెలల్లో దాదాపు మామూలైంది. పక్క తడపడం ఆగింది. నొప్పి పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడు వస్తుంది, వస్తే బడిలోనే కాసేపు కూర్చుని ఊపిరి వ్యాయామం చేసి క్లాసుకు పోతాడు. మధ్యలో మండలంలో ఇంకో శవపేటిక వచ్చింది, ఆ వారమంతా బాబు లేవలేదు. అప్పుడు తల్లి మాకోసం చూడలేదు, తనే వాడి పక్కన కూర్చుని ఆయన ఎవరో, ఎలా చనిపోయాడో, బాపు ఇప్పుడు ఎక్కడున్నాడో చెప్పి, పగటిపూటే బాపుకు ఫోను కలిపింది. వారం దాటాక బడికి పోయాడు. ఈ కేసులో నాకు అన్నిటికంటే పెద్ద ఫలితం ఇదే, ఎందుకంటే అది మేం లేకుండా జరిగింది.

దీని తర్వాత మా పనిలో కొన్ని మారాయి. గల్ఫ్ ఇంట్లో పిల్లాడికి కడుపునొప్పి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం అని వస్తే డాక్టరుకు చూపించాక మొదట అడిగేది, ఫోను ఎప్పుడు వస్తుంది, ఎవరు ఎత్తుతారు, ఎక్కడ నిలబడి మాట్లాడతారు అని. ఇంట్లో ఎవరికి ఏం తెలుసు అన్నది పెద్దల్నీ పిల్లల్నీ విడివిడిగా అడుగుతున్నాం. తండ్రి దేశంలో లేడు కాబట్టి తల్లితోనే మాట్లాడి వదిలేయడం మానేశాం, మొదటి నెలలోనే ఆయనతో ఒక కాల్ పెట్టుకుంటున్నాం. తాతలతో కూడా ముందే కూర్చుంటున్నాం, ఎందుకంటే ఇంట్లో ఏది చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు అన్నది చాలా చోట్ల వాళ్ల చేతిలో ఉంటుంది. నిలబెట్టుకోవడం కష్టంగా ఉన్నది సాయంత్రం గుంపు. డిగ్రీ అమ్మాయికి చదువు అయిపోతోంది, ఉద్యోగం వస్తే వెళ్లిపోతుంది, మహిళా సంఘం నుంచి ఎవరైనా ముందుకొస్తారా అని మాట్లాడుతున్నాం, ఇంకా తేలలేదు.

బాబు తండ్రికి అవుట్‌పాస్ పని నడుస్తోంది. ఆయన వచ్చినప్పుడు ఇంకో దశ మొదలవుతుంది, ఐదేళ్లు తెరమీద చూసిన మనిషి ఇంట్లో కూర్చుని ఇటు రా, అటు పో అంటే పిల్లలకూ, చేతిలో పైసా లేకుండా వచ్చిన ఆయనకూ కష్టంగానే ఉంటుంది. అందుకే వచ్చిన మొదటి వారంలోనే ఇంటికి రావాలని తల్లీ నేనూ ఇప్పుడే అనుకుని పెట్టుకున్నాం, తాత కూడా సరే అన్నాడు.